పుట్ అనే మాట, యాదయ్య చెయ్యి

యాదయ్య దినాలు అయిపోయిన మూడో రోజు పొద్దున వాళ్ల బిడ్డ సరిత మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఇప్పుడు నలభై దాటాయి. మల్కాజిగిరిలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. ఎంత అడ్డదిడ్డంగా రాసిన డాక్టరు చీటీ అయినా ఒక్క చూపులో చదివేస్తుంది. పుట్టినప్పటి నుంచి నన్ను పెద్దబాపు అనే పిలుస్తుంది. ఆ రోజు చెప్పులు విప్పి లోపలికైతే వచ్చింది గానీ కూర్చోలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు ముట్టలేదు. సంచిలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి టేబుల్ మీద పెట్టి, "బాపు నీకియ్యమన్నడు" అంది. ఆ తర్వాత నిలబడే నాలుగు మాటలు చెప్పింది. వెళ్లేముందు నన్నొక కాగితం రాసిమ్మని, ఆదివారం వచ్చి తీసుకుంటానని అంది. ఆమె చెప్పిన మాటలు తర్వాత రాస్తాను. ఆ కాగితం నాకెందుకంత బరువైందో తెలియాలంటే ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి.

అది దుకాణంలో కొన్న పుస్తకం కాదు. ఫ్యాక్టరీలో ఎవరికే పనో రాసిచ్చే జాబ్ కార్డుల్లో పనికిరానివి పోగుచేసి, వెనకవైపు ఖాళీ ఉందని వాటిని బోర్లించి, గోనెసంచి దారంతో కుట్టిన పుస్తకం. కుట్టింది యాదయ్య తల్లి లచ్చమ్మ. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు. మొదటి సగం నా దస్తూరి, తర్వాత ఇంకెవరిదో. ఇన్నేళ్లయినా దగ్గరగా పెట్టుకుంటే మిషను నూనె వాసన వస్తుంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను ఇరవై ఏళ్ల వాణ్ణయిపోయాను. అదేదో సంతోషమని ఎవరూ అనుకోవద్దు.

నాది ఆలేరు దగ్గర ఊరు. ఐదో తరగతితో బడి ఆగిపోయింది, మీసాలు వచ్చే వేళకు నాచారం వచ్చిపడ్డాను. ఇనుప రేకులను అచ్చు కొట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది. పవర్ ప్రెస్ అంటారు దాన్ని. కింద అచ్చు మీద రేకు పెట్టి, కాలితో పెడల్ తొక్కితే పైనుంచి టన్నుల బరువు దిగి, రేకును మూతగానో గిన్నెగానో చేసి మళ్లీ పైకి లేస్తుంది. పెట్టాలి, తొక్కాలి, తీయాలి. రోజంతా అదే. నాకు రెండు మిషన్ల అవతల యాదయ్య. నాకంటే ఏడాది చిన్న, నవ్వు మొహం. నాకు ఇల్లూ వాకిలీ లేవని తెలిసి మొదటి వారమే మల్లాపూర్ దారిలో ఉన్న తమ రేకుల ఇంటికి తీసుకుపోయాడు. రెండు గదులు. బయటి గది నాకిచ్చేశారు.

ఆ ఇంట్లో పొద్దు అంతా ఒక వరసలో నడిచేది. తెల్లారకముందే లచ్చమ్మ వాకిలి ఊడ్చి కిరోసిన్ స్టవ్ ముట్టించేది. ఆ పొగ వాసన, ఆ వెనకే జొన్న రొట్టె కాలే వాసన. షిఫ్టు దిగి రాగానే మేమిద్దరం పంపు దగ్గర కూర్చుని రంపపు పొట్టుతో చేతులు రుద్దుకునేవాళ్లం. సబ్బుకు లొంగని నూనె పొట్టుకు లొంగుతుంది. లచ్చమ్మ వచ్చి మా అరచేతులు తిరగేసి చూసేది, బడిలో పంతులు చూసినట్టు. గోళ్లలో నలుపు కనిపిస్తే మళ్లీ పంపు దగ్గరికి పంపేది. పళ్లెంలో పెట్టేటప్పుడు మేము చాలని చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి మీదే రొట్టె వేసి పోయేది. కన్నకొడుక్కి రెండు పెడితే నాకు మూడు పెట్టేది, నేను బొక్కల గూడులా ఉన్నానని. పుణ్యాత్మురాలు. ఆమె చేతి అన్నం పదకొండేళ్లు తిన్నాను. ఇది గుర్తుపెట్టుకుని మిగిలింది చదవండి.

ఇంగ్లీషు పిచ్చి నాకెందుకు పట్టిందో చెబుతాను. దొరలా కనిపించాలని కాదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఒక నోటీసు బోర్డు ఉండేది. దాని మీద ప్రతి కాగితమూ ఇంగ్లీషులోనే. ఎవరి పని ఉంది, ఎవరి పని పోయింది, ఏ రోజు సెలవు, ఏ తప్పుకు ఏ శిక్ష, అన్నీ మా గురించే, మాకే తెలియకుండా. ఆఫీసు గుమాస్తా దయతలిచి చెబితే తెలిసేది. ఆయనకు విసుగొస్తే "ఏం లేదు పోండి" అనేవాడు. మా మీద రాసిన మాట మాకు అందకపోవడం కంటే అవమానం ఇంకేముంది? ఆ కోపంతోనే ఒక ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద ఒక నిఘంటువు కొన్నాను. అట్ట లేదు. ముందు పేజీలు చిరిగి, బి అక్షరం నడుమ నుంచి మొదలయ్యేది. అందుకే ఇవాళ్టికీ మొదటి అక్షరం 'ఎ'తో వచ్చే మాటల దగ్గర నా ఇంగ్లీషు తడబడుతుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, మిగిలిన అక్షరాలన్నీ నేను ఒంటరిగా జయించినవి.

ఒక రాత్రి యాదయ్యా నేనూ పుట్ అనే మాట దగ్గర ఆగిపోయాం. మూడక్షరాల మాట, బడి మొహం చూసిన ప్రతి పిల్లవాడికీ వచ్చే మాట. దానికి నిఘంటువులో రెండు నిలువు వరసల నిండా అర్థాలు. పక్కన ఆన్ చేరితే తొడుక్కొనుట, ఆఫ్ చేరితే వాయిదా వేయుట, అవుట్ చేరితే దీపం ఆర్పుట, డౌన్ చేరితే అణచివేయుట, అవే చేరితే దాచిపెట్టుట, అప్ విత్ అని రెండు చేరితే ఓర్చుకొనుట. నేను చదువుతుంటే యాదయ్య నోరు తెరుచుకుని విన్నాడు. "గిదేంది నర్సిమ్మా, గింత చిన్న మాటకు గంత సంసారమా" అన్నాడు. వాడికి అప్పటికి తెలుగే కూడబలుక్కుని చదవడం. అయినా వినడం ఇష్టం.

రొట్టె ఒత్తుతూ లచ్చమ్మ అందుకుంది. "మనకు లేదా ఏంది? అన్నం పెడ్తం, బొట్టు పెడ్తం, పిల్లకు పేరు పెడ్తం, దీపం పెడ్తం, పంచాది పెడ్తం, మనిషి మీద పానం పెడ్తం. పుస్తకం లేకనే మాకు అన్ని తెల్సు పో" అంది. ఆ వరస నాకు నచ్చి, ఆమె చెప్పినవన్నీ ఆమె కుట్టిచ్చిన పుస్తకంలోనే కుడి పేజీలో రాశాను. ఇప్పటికీ ఉన్నాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది.

పుట్ కింద దానికి బదులు వాడే మాటలు కూడా ఉండేవి. ప్లేస్, లే, సెట్, డిపాజిట్, ఇన్సర్ట్. వీటిలో ఇన్సర్ట్ నన్ను పట్టేసింది. పుట్ ఎవడైనా అంటాడు. ఇన్సర్ట్ అంటే అందులో కోటు వేసుకున్నవాడి గొంతు ఉంది. నిఘంటువు దానికి లోపల చొప్పించుట అని రాసింది. ఆ వారమంతా ఫ్యాక్టరీలో, ఇంట్లో అదే మాట. యాదయ్యకు అదొక ఆట అయింది. "అమ్మా, నర్సిమ్మ పళ్లెంల ఇంకో రొట్టె ఇన్సర్ట్ చెయ్యి" అనేవాడు. ప్రెస్ మిషన్లుండే షెడ్డును ప్రెస్ షాపు అనేవాళ్లం, అక్కడి తోటివాళ్లు నాకు ఆ పేరే పెట్టారు. దూరం నుంచి చూసి, ఇన్సర్ట్ వస్తుండు రా అనేవాళ్లు. నేను లోపల పొంగిపోయేవాణ్ణి. కార్మికుల దరఖాస్తులు, సెలవు చీటీలు, ఊరికి పంపే తంతి మాటలు అన్నీ నా చేత రాయించుకునేవాళ్లు. గుమాస్తా దగ్గరికి పోవడం తగ్గింది. నేను సాధించానని అనుకున్నాను.

ఇవాళ మా మనవడికి ఫోను నొక్కితే ముప్పై అర్థాలు ఒక్క క్షణంలో వస్తాయి. ఒక్కటీ వాడికి అక్కర్లేదు. ఉప్పల్ మెట్రో స్తంభాల మీద, నాచారం చౌరస్తాలో, లాలాపేట్ వంతెన కింద ఎక్కడ చూసినా స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే, ముప్పై రోజుల్లో నేర్పుతారట. దేనికి నేర్పుతారు? మాట్లాడటానికి. ఏం మాట్లాడాలో నేర్పేవాడు ఏ బోర్డు మీదా లేడు. తెలుగు మాట్లాడితే మా మనవడి బడిలో శిక్షగా మెడలో అట్టముక్క వేలాడదీస్తారని విని నేను ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి అరిచి వచ్చాను. నా కొడుకు నా పరువు తీశావన్నాడు. పరువు ఎక్కడ పోతుందో నాకు వాడికంటే బాగా తెలుసు.

ఇక ఆ రోజు. పెద్ద ఆర్డరు ఒకటి తొందరగా పంపాల్సి వచ్చింది. ప్రెస్ ముందు ఇనుప జాలీ ఒకటి ఉంటుంది, తలుపులాంటిది. అది మూసి ఉంటే చెయ్యి అచ్చులోకి పోదు. చేతులకు అదే కాపలా. కానీ జాలీ తెరిచి, రేకు పెట్టి, జాలీ మూసి, పెడల్ తొక్కేసరికి ఆలస్యం. అందుకని తొందర పని వచ్చినప్పుడల్లా జాలీలు విప్పి గోడకు ఆనించడం మా దగ్గర మామూలు. సూపర్‌వైజర్ నోటితో చెప్పేవాడు కాదు. బోల్టులు విప్పే పాన నేల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ పాన ఎందుకో అందరికీ తెలుసు. ఆ పొద్దున యాదయ్య మిషను జాలీ విప్పింది యాదయ్యా నేనూ కలిసే. బోల్టులు వాడు వదులు చేశాడు, జాలీ నేను పట్టుకున్నాను. టీకి ముందు రేకు ఒకటి అచ్చులో ఇరుక్కుంది. వాడు తీయబోయాడు. పెడల్ మీద వాడి కాలు లేదని నేను కళ్లారా చూశాను. మిషను తానై దిగింది, పాత మిషను, అంతకుముందు కూడా రెండుసార్లు అలా దిగింది. కుడి చెయ్యి మణికట్టు దాకా. వాడు నావైపు చూశాడు, అంతే. నేలంతా రంపపు పొట్టు చల్లాం. అది నూనె పీల్చినట్టే దాన్నీ పీల్చింది.

వాణ్ణి దవాఖానాకు తీసుకుపోయాక సూపర్‌వైజర్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. గుమాస్తా సెలవులో ఉన్నాడు. ప్రమాదాల రిజిస్టరు నా ముందు పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రిజిస్టరుకు ఒక పద్ధతి ఉండేది. ఏ ప్రమాదం జరిగినా కొత్తగా ఏదీ రాయరు. పై పేజీలో అంతకుముందు రాసిన దాన్ని చూసి మక్కీకి మక్కీ దించి, పేరూ, పనివాడికి ఫ్యాక్టరీ ఇచ్చే టికెట్ నంబరూ, తేదీ మాత్రం మారుస్తారు. అలా ఎన్నేళ్ల నుంచి దించుకొస్తున్నారో, మొదటిది ఎవడు రాశాడో ఎవరికీ తెలియదు. వేలు తెగినవాడిదైనా, కన్ను పోయినవాడిదైనా ఇంగ్లీషులో ఒకటే వాక్యం. పనివాడు అజాగ్రత్తగా తన చేతిని యంత్రంలో పెట్టాడు. కన్ను పోయినవాడు కూడా చేతినే పెట్టాడు, ఆ రిజిస్టరులో.

నేను కలం పట్టుకుని, జాలీ సంగతి అని గొణిగాను.

"పాతదాంట్ల ఉన్నదా?" అన్నాడు ఆయన.

లేదన్నాను.

"పాతదాంట్ల లేనిది కొత్తగ రాయకు నర్సిమ్మా. చూసి దించు. నీ చేతిరాత మంచిగుంటది."

నేను దించాను. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఇదిస్తాం అదిస్తామని అనలేదు. కింద కార్బన్ పెట్టి, అచ్చు పోసినట్టు దించాను. కానీ అంతటితో ఆగలేదు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. పాత వాక్యంలో పుట్ అని ఉంది. అది నాకు చప్పగా కనిపించింది. స్నేహితుడి రక్తం నా చొక్కా మీద ఆరకముందే, నా బుర్ర మంచి మాట కోసం వెతికింది. పుట్ తీసి ఇన్సర్టెడ్ అని పెట్టాను. అజాగ్రత్తగా పెట్టాడన్నది కూడా అబద్ధమే. నేను దాన్ని ఇంకా గట్టి అబద్ధం చేశాను, వాడే చెయ్యి తీసుకెళ్లి లోపల చొప్పించాడన్నట్టు. సూపర్‌వైజర్ చదివి, తలెత్తి, శభాష్ అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు పులకరించింది. అవును, పులకరించింది.

కార్బన్ కాపీ యాదయ్యకు ఇచ్చారు. వాడు దవాఖానా మంచం మీద నుంచి దాన్ని నాకే చాపాడు, ఏముందో చదివి చెప్పమని. ఆ వాడలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివేది నేనే కదా. "ఏం లేదు రా, నీ పేరు, టికెట్ నంబరు, తేదీ" అన్నాను. గుమాస్తా గొంతు నా నోట్లోంచి వచ్చింది. రెండు నెలలకు తప్పు వాడిదేనని పనిలోంచి తీసేశారు. అదే నెలలో నన్ను ప్రెస్ నుంచి తీసి, హాజరు లెక్కలు రాసే టైమాఫీసులో కుర్చీ వేశారు. దస్తూరి బాగుందని. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. నా రెండు చేతులూ నా దగ్గరే ఉన్నాయి.

ఆ ఇల్లు నన్ను వెళ్లగొట్టలేదు. లచ్చమ్మ ముందు నా పళ్లెంలో పెట్టి, తర్వాత కొడుకు పక్కన కూర్చుని ముద్దలు కలిపి వాడి నోట్లో పెట్టేది. ఎడమ చేత్తో తినడం వాడికి చాలా రోజులు రాలేదు, సిగ్గుపడేవాడు. నేను గోడవైపు తిరిగి తినేవాణ్ణి. సాయంత్రాలు ఊరికే కూర్చోలేక వాడే ఆ జాబ్ కార్డుల పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. రెండో సగంలో ఉన్న దస్తూరి అదే, గాలికి వంగిన జొన్నచేను లాంటి దస్తూరి. తర్వాత ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్ అయ్యాడు. పెళ్లయింది, సరిత పుట్టింది, లచ్చమ్మ పోయింది. నేను వేరే ఇల్లు చూసుకున్నా ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. సరితకు అక్షరాలు నేర్పింది నేనే. వాడు ఎన్నడూ ఒక్క మాట అడగలేదు. తెలియదు కాబట్టి అడగలేదనుకున్నాను. అలా అనుకునే బతికాను.

ఇప్పుడు సరిత నిలబడి చెప్పిన మాటలు. పుస్తకంలో పుట్ ఉన్న పేజీ దగ్గర ఒక మడత కాగితం ఉంది. విప్పకముందే ఏమిటో నాకు తెలిసింది. కార్బన్ నీలం వెలిసిపోయినా నా అక్షరాలు నిటారుగానే ఉన్నాయి.

"నేను పదోతరగతిల ఉన్నప్పుడు బాపు పెట్టెలకెళ్లి తీసి చదువుమన్నడు" అంది. "తెలుగుల అర్థం చెప్పుకుంట చదివిన. ఇన్సర్టెడ్ అన్న కాడ ఆపిండు. గా మాట మల్లొకసారి చదువుమన్నడు. చదివిన. 'గీ మాట మా ఫ్యాక్టరీల ఒక్కనికే వస్తది బిడ్డా' అన్నడు. గంతే. మల్ల మడిచి పెట్టిండు."

నన్నెందుకు అడగలేదని ఎలాగో అడిగాను.

"నేనడుగుతనంటె వద్దన్నడు. అడిగితె ఇంటికొచ్చుడు బంద్ చేస్తడు, ఆదివారం నాతోని కూసునెటోడు ఇంకెవ్వడున్నడు అన్నడు."

పాతికేళ్లకు పైగా ఆ పిల్ల నాకు చాయ్ కప్పు అందించింది, అదంతా కడుపులో పెట్టుకుని. పండగకు నా కాళ్లకు దండం పెట్టింది. అప్పుడామె కాగితం అడిగింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు తెలుగులో రాసి, కింద సంతకం చేసిమ్మంది. కంపెనీ లేదు, సార్లు లేరు, ఎవరికీ చూపించేది లేదు, బాపు ఫోటో వెనక పెట్టుకుంటానంది.

కంపెనీ లేదన్నది నిజం. ప్రెస్ షాపు ఉన్నచోట ఇప్పుడు పది అంతస్తుల అపార్టుమెంట్లు. సరిత వచ్చి వెళ్లిన మర్నాడు నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చాను. యాదయ్య మిషను ఉన్న జాగా అంచనాకు కార్ల పార్కింగు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎవరు కావాలని అడిగాడు. వాడి ముందు రిజిస్టరు, అందులో పై లైను చూసి కింది లైను దించుతున్నాడు, వచ్చిన పని అన్నచోట అందరికీ ఒకే మాట. నాకు అక్కడికక్కడే కోపమొచ్చి, చూసి రాయి నాయనా, దించకు అన్నాను. వాడు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. ఎవరి మీద అరుస్తున్నానో వాడికేం తెలుసు. నోటీసు బోర్డు మీద, బడి మీద, సర్కారు మీద, ఊరందరి మీద నేను అరిచిన అరుపులన్నీ ఆ ఒక్క కాగితం వినపడకుండా ఉండటానికేనేమో.

శుక్రవారం కూర్చుని రాశాను. నాలుగు పేజీలు వచ్చాయి. అందులో పద్ధతి ఉంది, సూపర్‌వైజర్ ఉన్నాడు, నా వయసు ఉంది, నా పేదరికం ఉంది, గుమాస్తా సెలవు ఉంది. యాదయ్య చెయ్యి మూడో పేజీలో గానీ రాలేదు. చించేశాను. శనివారం రెండు పేజీలు. అవీ చించేశాను. ఆదివారం పొద్దున ఇంతే మిగిలింది: జాలీ తీసేసిన మిషను మీద యాదయ్యను పని చేయించారు. జాలీ తీయడంలో నేనూ ఒక చెయ్యి వేశాను. వాడు పెడల్ తొక్కలేదు, మిషను దానంతటదే దిగింది. తప్పు వాడిదని రాసింది నేను. ఏముందో అడిగితే ఏం లేదని చెప్పింది నేను.

సరిత వచ్చి నిలబడే చదివింది. మందుల చీటీ చదివినట్టు ఒక్క చూపులో చదివేసింది.

"బాపు టికెట్ నంబరు లేదు దీంట్ల" అంది.

కలం తీసుకుని పేరు పక్కన వేశాను. దేన్నీ చూడలేదు, ఆలోచించలేదు. ఆమె పాత కాగితం విప్పి, రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది. సరిగ్గానే ఉంది.

"అయితె నీకు అన్ని యాదికే ఉన్నయి, పెద్దబాపు" అంది.

రెండు కాగితాలూ కలిపి మడిచి సంచిలో వేసుకుంది. పుస్తకం మాత్రం టేబుల్ మీదే వదిలేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.